డిజిటల్ ఛాయాచిత్రాల నిర్వహణ సాఫ్టువేరు

డిజిటల్ ఛాయాచిత్రాల నిర్వహణ సాఫ్టువేరు అనగా డిజిటల్ కెమెరాతో గానీ, సెల్‌ఫోనుతో గానీ తీసిన ఫోటోలను కంప్యూటరులోనికి చేర్చడానికి, వాటికి నకళ్ళు తీసి భద్రపరచడానికి, తేదీ, స్థలం, వ్యక్తులు, విషయాలను బట్టి వర్గీకరించి కావలసినప్పుడు వెదకి తీయడానికి ఉపయోగపడే కంప్యూటరు ప్రోగ్రాము. పికాసా, డిజికామ్, షాట్‌వెల్, అడోబ్ లైట్‌రూమ్, ఆపిల్ వారి ఫోటోస్, గూగుల్ ఫోటోస్ మొదలైనవి ఈ కోవకు చెందినవి. ఫోటోలోని వెలుగునీడలను, రంగులను దిద్దే ఫోటోషాప్ వంటి సాఫ్టువేర్లు వేరు. అయితే లైట్‌రూమ్ వంటి కొన్ని ఈ రెండు పనులనూ చేస్తాయి.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా నిజామాబాదు పట్టణానికి, బోధన్ చెరకు ప్రాంతానికి సంబంధించినవి. డిజిటల్ కెమెరాలు ఇళ్ళలోనికి వచ్చిన తరువాతి ఇరవై ఏళ్ళలో ఈ ప్రాంతం బాగా మారినది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించబడి, ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారంగా పేరు పొందిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోనికి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతబడినది. 2014 జూన్ 2న రాష్ట్రం పేరు మారినది. 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి కామారెడ్డి జిల్లా విడిపోయినది. నడుస్తున్న కర్మాగారాన్ని, క్రషింగు కాలంలో గేటు ముందు బారులు తీరిన చెరకు బండ్లను చూపే ఫోటోలను ఇక మళ్ళీ తీయడం సాధ్యం కాదు. అవి ఎక్కువగా కార్మికుల, రైతుల, ఉద్యోగుల ఇళ్ళలోని కంప్యూటర్లలో, పాత మెమొరీ కార్డులలో, సీడీలలో ఉన్నవి. వాటిని ఎలా దాచినారు, వాటి మీద ఏమి వ్రాసినారు అన్నదానిపైనే రేపటి చరిత్రకారునికి అవి ఉపయోగపడేదీ లేనిదీ ఆధారపడి ఉంటుంది.

దిగుమతి

కెమెరాలోని మెమొరీ కార్డు నుండి గానీ, ఫోను నుండి గానీ ఫోటోలను కంప్యూటరులోనికి తెచ్చుకొనడాన్ని దిగుమతి అంటారు. చూడడానికి ఇది ఫైళ్ళను ఒకచోటి నుండి ఇంకొకచోటికి నకలు చేయడమే అయినా, ఫోటోలు పోగొట్టుకొనే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఇక్కడే.

కెమెరాలన్నీ ఫైళ్ళకు ఇంచుమించు ఒకే తీరున పేర్లు పెట్టడానికి కారణం జపాను పరిశ్రమ సంఘం 1998లో రూపొందించిన డీసీఎఫ్ అను ప్రమాణం. దీని ప్రకారం కార్డులో డీసీఐఎమ్ అనే ఫోల్డరు, అందులో 100 నుండి 999 వరకు మూడంకెలతో మొదలయ్యే ఫోల్డర్లు, వాటిలో నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు గల పేర్లతో ఫోటోలు ఉంటాయి. అంకెలు 0001తో మొదలై 9999తో ముగిసి మళ్ళీ 0001కి వస్తాయి. కనుక పదివేల ఫోటోలు తీసిన కెమెరాలో ఒకే పేరుగల రెండు వేర్వేరు ఫోటోలు తప్పక పుడతాయి. కార్డు మార్చినప్పుడల్లా లెక్కను మొదటి నుండి మొదలుపెట్టేలా కెమెరాను అమర్చుకొన్నవారికి ఈ చిక్కు ఇంకా ముందే ఎదురవుతుంది. డిచ్‌పల్లి రామాలయం ఫోటో ఉన్న ఫోల్డరులోనికి అదే పేరుగల పెళ్ళి ఫోటోను నకలు చేస్తే, పాతదాని స్థానంలో కొత్తది పెట్టమంటారా అని కంప్యూటరు అడుగుతుంది. చదవకుండా 'సరే' నొక్కినవారికి రామాలయం పోతుంది.

దిగుమతి సాఫ్టువేరు ఈ చిక్కును రెండు విధాలుగా తప్పిస్తుంది. ఒకటి, ఫోటో తీసిన తేదీ, సమయాలతో ఫైలుకు కొత్త పేరు పెట్టడం (ఉదాహరణకు 2012-02-18_101530). సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో వ్రాస్తే అంకెల క్రమమే కాలక్రమం అవుతుంది. మనకు అలవాటైన రోజు, నెల, సంవత్సరం అనే వరుసలో వ్రాస్తే అన్ని నెలల ఒకటో తేదీలు ఒకచోట గుమిగూడుతాయి. రెండవది, ఇంతకు ముందే దిగుమతి అయిన ఫోటోలను గుర్తించి వదలివేయడం. కొన్ని ప్రోగ్రాములు పేరును, పరిమాణాన్ని, తేదీని పోల్చి ఊరుకుంటాయి. మరికొన్ని చెక్‌సమ్ లెక్కిస్తాయి. చెక్‌సమ్ అనగా ఫైలులోని అన్ని బిట్లనూ ఒక గణిత సూత్రంలో వేయగా వచ్చే స్థిరమైన పొడవుగల సంఖ్య. ఎండీ5 పద్ధతిలో ఇది 128 బిట్లు, షా-256 పద్ధతిలో 256 బిట్లు ఉంటుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా సంఖ్య పూర్తిగా మారిపోతుంది.

'దిగుమతి అయిన వెంటనే కార్డులోని ఫోటోలను తొలగించు' అనే సౌకర్యం చాలా ప్రోగ్రాములలో ఉంటుంది. దీనిని వాడకపోవడం మంచిది. నకలు సగంలో ఆగిపోయినా, కార్డు రీడరు సరిగా పనిచేయకపోయినా, కరెంటు పోయినా తొలగింపు మాత్రం జరిగిపోయే ప్రమాదమున్నది. ఫోటోలు రెండుచోట్ల చేరి, తెరచి చూసుకొన్న తరువాతనే కార్డును ఖాళీ చేయాలి. అది కూడా కంప్యూటరులో కాక కెమెరాలోని ఫార్మాటు సౌకర్యంతో చేయడం పరిపాటి.

తేదీ, సమయం

జపాను ఎలక్ట్రానిక్ పరిశ్రమ సంఘం 1995 అక్టోబరులో ఎక్సిఫ్ అనే ప్రమాణాన్ని వెలువరించినది. దీని వలన కెమెరా ప్రతి ఫోటో ఫైలు లోపలనే తేదీ, సమయం, కెమెరా నమూనా, కటకపు వివరాలు వ్రాస్తుంది. ఇటువంటి 'సమాచారం గురించిన సమాచారాన్ని' మెటాడేటా అంటారు. కాలక్రమంలో ఫోటోలను పేర్చే సాఫ్టువేర్లన్నీ ప్రధానంగా ఎక్సిఫ్ మీదనే ఆధారపడతాయి.

కానీ కెమెరా గడియారం తప్పయితే ఎక్సిఫ్ కూడా తప్పే. బ్యాటరీ చాలాకాలం తీసివేసిన కెమెరా ఏదో ఒక సంవత్సరపు జనవరి 1వ తేదీకి వెళ్ళిపోతుంది. నిజామాబాదు జిల్లాకు ప్రత్యేకంగా వర్తించే ఇబ్బంది ఇంకొకటి ఉన్నది. ఇక్కడి నుండి గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారు ఎక్కువ. దుబాయిలో కొని తెచ్చిన కెమెరా అక్కడి గడియారంతోనే ఉంటే భారతీయ సమయానికి గంటన్నర, సౌదీ గడియారమైతే రెండున్నర గంటలు వెనుకబడి ఉంటుంది. ఒకే పెళ్ళిని దుబాయి కెమెరాతో ఒకరు, ఇక్కడి కెమెరాతో మరొకరు తీసి, రెంటినీ కలిపి పేరిస్తే ఇక్కడి కెమెరా ప్రకారం 12 గంటల 10 నిమిషాలకు జరిగిన జీలకర్ర బెల్లం, దుబాయి కెమెరా ప్రకారం 10 గంటల 40 నిమిషాలకే అయిపోయి, గౌరీపూజ కంటే ముందు వస్తుంది. డిజికామ్, లైట్‌రూమ్ వంటి వాటిలో ఎంచుకొన్న ఫోటోలన్నిటి సమయాన్నీ ఒకేసారి ముందుకో వెనుకకో జరిపే సౌకర్యం ఉన్నది. ఏ కాలమండలపు సమయమో నమోదు చేసే అంశం ఎక్సిఫ్ ప్రమాణంలో 2016లో గానీ చేరలేదు. అంతకుముందు తీసిన ఫోటోలలో ఈ తేడాను మనిషే గుర్తుపట్టి సవరించాలి.

కాగితపు ఫోటోలను స్కాను చేసినప్పుడు మరొక పొరపాటు జరుగుతుంది. 1978లో కర్మాగారం ముందు తీయించుకొన్న బృంద ఫోటోను 2009లో స్కాను చేస్తే, సాఫ్టువేరు దానిని 2009 ఫోటోల మధ్య పెడుతుంది. ఎక్సిఫ్‌లో 'చిత్రం తీసిన తేదీ', 'డిజిటల్ రూపంలోనికి మార్చిన తేదీ' అని రెండు వేర్వేరు గడులు ఉన్నవి. మొదటి గడిని చేతితో నింపాలి. '1970లలో' అని మాత్రమే తెలిస్తే ఆ మాటను గడిలో వ్రాయడానికి వీలుండదు కనుక వివరణలో వ్రాసుకోవాలి. ఫోటో వెనుక ఎవరైనా పేర్లు వ్రాసి ఉంటే వెనుకవైపును కూడా స్కాను చేయడం మరువరాదు. చాలాసార్లు ముందువైపు కంటే దానికే విలువ ఎక్కువ.

స్థలం

జీపీఎస్ గల ఫోన్లు అక్షాంశ రేఖాంశాలను కూడా ఎక్సిఫ్‌లో వ్రాస్తాయి. నిజామాబాదు, బోధన్ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నవి. నిజామాబాదు రేఖాంశం సుమారు 78.1, బోధన్‌ది సుమారు 77.9 డిగ్రీలు. ఈ స్వల్ప తేడాతోనే సాఫ్టువేరు రెండు ఊళ్ళ ఫోటోలను పటం మీద విడదీసి చూపగలదు. జీపీఎస్ లేని కెమెరా ఫోటోలకు పటం మీద చోటు చూపి స్థలాన్ని అతికించవచ్చును.

అక్షాంశ రేఖాంశాలకు ఉన్న గొప్ప గుణం అవి మారకపోవడం. 1923–1931 మధ్య మంజీర నది మీద నిర్మించబడి బోధన్ చెరకుకు నీరిచ్చిన నిజాంసాగర్ ఆనకట్ట 2010లో నిజామాబాదు జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని వ్రాయవలసినది. 2017లో అదే ఆనకట్ట కామారెడ్డి జిల్లా, తెలంగాణ. పాత ఫోటోల మీది పేర్లను చెరిపివేయనవసరం లేదు, అవి తీసిన నాటికి సరైనవే. వాటి పక్కన కొత్త పేరును కూడా చేర్చితే రెండు విధాలుగానూ వెదకవచ్చును.

తెలుగులో ట్యాగులు

ఫోటోలో ఏమున్నదో తెలిపే మాటలను ట్యాగులు లేదా సూచక పదాలు అంటారు. ఒక ఫోటోకు ఎన్నయినా పెట్టవచ్చును కనుక ఫోల్డర్ల కంటే ఇవి ఎక్కువ ఉపయోగకరం. ఒకే ఫోటో 'చెరకు', 'ఎడ్లబండి', 'బోధన్' అనే మూడు ట్యాగుల కిందా కనిపిస్తుంది, డిస్కులో మాత్రం ఒక్కచోటే ఉంటుంది.

ట్యాగు ఎంత స్పష్టంగా ఉండాలన్నది అనుభవం మీద తెలుస్తుంది. 'చక్కెర ఫ్యాక్టరీ' అని మాత్రమే వ్రాస్తే అది శక్కర్‌నగర్‌లోనిదో, నిజామాబాదు పట్టణానికి దగ్గరలోని సారంగాపూర్ సహకార కర్మాగారమో పాతికేళ్ళ తరువాత ఎవరూ చెప్పలేరు. 'నిజామాబాదు' అన్న పేరుతో ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో నల్లమట్టి పాత్రలకు ప్రసిద్ధి చెందిన మరొక పట్టణం ఉన్నది. అందువలన రాష్ట్రం, జిల్లా, ఊరు, చోటు అని మెట్లుమెట్లుగా ట్యాగులను అమర్చుకొనే సౌకర్యం ఉన్న సాఫ్టువేరు మేలు.

తెలుగులో వ్రాయదలచినవారికి మూడు చిక్కులు ఎదురవుతాయి. ఫోటో స్టూడియోలలో, డీటీపీ కేంద్రాలలో చాలాకాలంగా వాడుకలో ఉన్న అను ఫాంట్లు యూనికోడ్‌కు ముందటి పద్ధతివి. వాటితో కొట్టిన మాట ఆ ఫాంటు ఉన్నచోట తెలుగుగా కనిపించినా, లోపల ఉన్నవి ఆంగ్ల అక్షరాలు, చిహ్నాలే. ట్యాగుల గడిలో అతికిస్తే అవే బయటపడతాయి, తెలుగు వెదుకులాటకు దొరకవు. కనుక ట్యాగులను యూనికోడ్‌లోనే వ్రాయాలి. అనులో ఉన్నవాటిని యూనికోడ్‌లోనికి మార్చే ఉపకరణాలు లభిస్తున్నవి.

రెండవది కంటికి కనిపించని అక్షరం. 'శక్కర్‌నగర్' అన్న మాటలో ర పొల్లుకు, న అక్షరానికి మధ్య రెండూ కలిసిపోకుండా ఆపే ఒక శూన్య వర్ణం (యూనికోడ్ సంఖ్య 200సి) ఉంటుంది. అది లేకపోతే 'శక్కర్నగర్' అవుతుంది. ఒకసారి ఒక విధంగా, మరొకసారి ఇంకొక విధంగా కొడితే సాఫ్టువేరు వాటిని రెండు వేర్వేరు ట్యాగులుగా తీసుకోవచ్చును. నిజామాబాద్, నిజామాబాదు, ఇందూరు అన్నవి కూడా కంప్యూటరుకు మూడు ఊళ్ళే. ఏదో ఒక రూపాన్ని ఎంచుకొని, ప్రతిసారీ కొట్టకుండా జాబితా నుండి ఎంచుకోవడం దీనికి విరుగుడు.

మూడవది పొడవు. ఫోటోలలో ట్యాగులు వ్రాసే పాత పద్ధతి వార్తాపత్రికల సంస్థ ఐపీటీసీ 1990ల తొలినాళ్ళలో ఏర్పరచినది. అందులో ఒక ట్యాగుకు 64 బైట్లు మాత్రమే చోటు ఉన్నది. ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలును. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు కావాలి. 'బోధన్ చక్కెర కర్మాగారం' అన్నదానికి 62 బైట్లు పట్టి అంచున ఆగుతుంది. 'శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం' అన్నదానికి 80 బైట్లు కావాలి. ఆ పరిమితిని పాటించే ప్రోగ్రాములో అది 'కర్మాగారం' అనే మాటలోని 'మ' దగ్గర, అక్షరం నడుమనే తెగుతుంది. 2001లో అడోబ్ సంస్థ ప్రవేశపెట్టిన ఎక్స్‌ఎంపీ పద్ధతికి ఈ హద్దు లేదు, యూనికోడ్‌ను మొదటి నుండీ అంగీకరిస్తుంది. ఎక్స్‌ఎంపీని వ్రాసే సాఫ్టువేరునే తెలుగువారు ఎంచుకోవాలి.

సమాచారం ఎక్కడ ఉన్నది?

సాఫ్టువేరును ఎంచుకొనేటప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదే. ట్యాగులు, వివరణలు, పేర్లు రెండుచోట్ల ఉండవచ్చును: ఫోటో ఫైలు లోపల, లేక సాఫ్టువేరు తనకోసం ఉంచుకొనే డేటాబేసులో. డేటాబేసు వెదకడానికి వేగంగా ఉంటుంది. అయితే ఆ సాఫ్టువేరు ఆగిపోయినా, కంప్యూటరు పాడైనా, ఫోటోను మరొకరికి ఇచ్చినా అందులోని సమాచారం వెంట రాదు.

పికాసా కథ దీనికి తగిన ఉదాహరణ. లైఫ్‌స్కేప్ అనే సంస్థ 2002లో తయారుచేసిన ఈ ప్రోగ్రామును 2004 జూలైలో గూగుల్ కొని ఉచితంగా అందించినది. తక్కువ శక్తిగల కంప్యూటర్ల మీద కూడా వేగంగా నడవడం వలన ఇది ఎంతో ఆదరణ పొందినది. 2009లో ముఖాలను గుర్తుపట్టి పేర్లు పెట్టే సౌకర్యం కూడా వచ్చినది. గూగుల్ 2016 మార్చి 15న దీనికి మద్దతును నిలిపివేసినది. పికాసాలో వ్రాసిన వివరణలు, ట్యాగులు జేపెగ్ ఫోటోలలోనే చేరినందున మిగిలినవి. ఆల్బములు, ముఖాలకు పెట్టిన పేర్లు మాత్రం ప్రధానంగా డేటాబేసులోను, ప్రతి ఫోల్డరులోను ఉండే ఐఎన్ఐ అనే చిన్న దాగిన ఫైలులోను ఉండేవి. పేర్లను ఫోటోలోనే వ్రాసే ఏర్పాటు తరువాతి కూర్పులలో వచ్చినా, దానిని ఎంచుకొన్నవారికే ఉపయోగపడినది. కంప్యూటరు మార్చినప్పుడు ఫోటోలను మాత్రమే నకలు చేసుకొన్నవారికి బృంద ఫోటోలోని ముఖాలు మిగిలినవి, పేర్లు మిగలలేదు. దిద్దిన ఫోటోల అసలు ప్రతులను కూడా పికాసా ఒక దాగిన ఫోల్డరులో ఉంచేది. అదేమిటో తెలియక చోటు కోసం దానిని తుడిచివేసినవారికి అసలు ప్రతులు పోయినవి.

లైట్‌రూమ్ కూడా తన క్యాటలాగు అనే డేటాబేసులోనే అన్నిటినీ ఉంచుతుంది. మార్పులను ఫోటోలలోనికి వ్రాయమనే ఎంపిక ఉన్నది గానీ, దానిని మనమే ఎంచుకోవాలి. డిజికామ్‌లోనూ మెటాడేటా అమరికలలో ఇటువంటి ఎంపిక ఉన్నది. గూగుల్ ఫోటోస్‌లో వ్రాసిన వివరణ ఆ సంస్థ సర్వరులో ఉంటుంది. టేకౌట్ అనే సేవ ద్వారా ఫోటోలను తిరిగి తీసుకొన్నప్పుడు ఆ వివరణ ఫోటోలో కాక, దాని పక్కన జేసన్ రూపంలోని వేరొక ఫైలులో వస్తుంది. ఫిల్ హార్వే 2003 నుండి అభివృద్ధి చేస్తున్న ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ఉపకరణంతో వాటిని ఫోటోలలోనికి ఎక్కించవచ్చును. అయితే దీనిని ఆదేశాలు టైపు చేసి నడపాలి.

గాజు పలకల కాలంలో ఈ చిక్కు ఉండేది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) స్టూడియో చిత్రాలలో అనేకం మీద ఒక మూల సంఖ్య, సంతకం కనిపిస్తాయి. అవి నెగటివు మీదనే వ్రాయబడినవి కాబట్టి దాని నుండి తీసిన ప్రతి ప్రింటులోనూ వచ్చినవి.

ఒక జాగ్రత్త. ట్యాగును ఫోటోలోనికి వ్రాయడమంటే ఫైలును మార్చడమే. అప్పుడు దాని చెక్‌సమ్ మారుతుంది. ట్యాగు ఉన్న ప్రతి, లేని ప్రతి ఒకే ఫోటో అయినా నకళ్ళను వెదికే సాఫ్టువేరుకు వేర్వేరుగా కనిపిస్తాయి. అందువలన తాకని అసలు ప్రతిని ముందుగా ఒకచోట భద్రపరచి, ఆ తరువాత ట్యాగుల పని మొదలుపెట్టాలి. కెమెరా తయారీదారుల రా ఫైళ్ళ విషయంలో ఫైలును ముట్టుకోకుండా పక్కనే ఒక ఎక్స్‌ఎంపీ ఫైలును ఉంచడం వాడుక. ఆ జంటను ఎప్పుడూ కలిపే నకలు చేయాలి.

ముఖ్యమైన సాఫ్టువేర్లు

కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ 1975లో మొదటి డిజిటల్ కెమెరాను తయారుచేసినా, ఇళ్ళలో ఫోటోల రాశి పెరిగి నిర్వహణ అవసరమైనది 2000 తరువాతనే. ఆపిల్ 2002 జనవరిలో ఐఫోటోను విడుదల చేసి, 2015లో దాని స్థానంలో ఫోటోస్‌ను తెచ్చినది. అడోబ్ లైట్‌రూమ్ 2007 ఫిబ్రవరిలో వెలువడినది. వృత్తి ఛాయాచిత్రకారులు ఎక్కువగా వాడేది ఇదే. లినక్సు మీద ఎఫ్-స్పాట్, షాట్‌వెల్ ప్రసిద్ధి పొందినవి. ఉబుంటు 2010 అక్టోబరు కూర్పు నుండి ఎఫ్-స్పాట్ స్థానంలో షాట్‌వెల్‌ను చేర్చినారు.

డిజికామ్‌ను రెంచి రాజు 2001లో మొదలుపెట్టినారు. తరువాత స్వచ్ఛంద కార్యకర్తల బృందం దీనిని కేడీఈ ప్రాజెక్టులో భాగంగా అభివృద్ధి చేస్తున్నది. స్వేచ్ఛా సాఫ్టువేరు కనుక ఉచితంగా లభిస్తుంది, విండోసు, లినక్సు, మ్యాకు మూడింటి మీదా నడుస్తుంది. మెట్ల ట్యాగులు, పటం, పోలికగల ఫోటోలను వెదకడం, 2020లో వెలువడిన 7.0 కూర్పు నుండి మెరుగైన ముఖ గుర్తింపు ఇందులో ఉన్నవి. మొదటిసారి వాడేవారికి దీని తెర కొంత గజిబిజిగా అనిపించే మాట నిజం. పాఠశాలలకు, గ్రంథాలయాలకు మాత్రం ఖర్చు లేకుండా దొరికేవాటిలో దీనికి సాటి రాగలది అరుదు.

గూగుల్ ఫోటోస్ 2015 మే నెలలో ప్రారంభమైనది. కొంత కుదించిన నాణ్యతతో ఎన్ని ఫోటోలనైనా ఉచితంగా ఉంచుకొనే అవకాశం మొదట్లో ఉండేది. 2021 జూన్ 1 నుండి చేర్చిన ఫోటోలు ఖాతాకు ఇచ్చే ఉచిత స్థలం లెక్కలోనికి వచ్చినవి. ముఖాల గుర్తింపు వీటిలో చాలావాటిలో ఉన్నది. తండ్రీ కొడుకులను, అక్కాచెల్లెళ్ళను ఒకరిగా పొరబడడం సాధారణం కనుక, అది పెట్టిన పేర్లను ఇంటి పెద్దలతో సరిచూసుకోవాలి.

భద్రపరచడం

ఛాయాచిత్రకారుడు పీటర్ క్రో ప్రచారంలోనికి తెచ్చిన 3-2-1 సూత్రం అన్నిటికంటే సులువైనది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరొక చోట. నిజామాబాదులోని ఇంటి కంప్యూటరులో ఒకటి, విడిగా ఉండే హార్డు డిస్కులో రెండవది, బోధన్‌లోని బంధువుల ఇంట్లో లేక ఇంటర్నెట్టు సర్వరులో మూడవది ఉంటే ఒక ఇంట దొంగతనం, అగ్నిప్రమాదం జరిగినా ఫోటోలు మిగులుతాయి. పెళ్ళికి మూడువేల ఫోటోలు, ఒక్కొక్కటి 8 మెగాబైట్లు అనుకొంటే 24 గిగాబైట్లు అవుతుంది. ఇంటర్నెట్టు ద్వారా పంపడం కంటే డిస్కును బస్సులో తీసుకొనిపోవడమే ఒక్కొక్కప్పుడు త్వరగా అవుతుంది.

సింక్ వేరు, బ్యాకప్ వేరు అన్న సంగతి చాలామంది ఎరుగరు. సింక్ అనగా రెండు చోట్లను ఎప్పుడూ ఒకేలా ఉంచడం. ఒకచోట తుడిస్తే రెండవచోట కూడా పోతుంది. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోను ఫోనులో చోటు కోసమని ఆ యాప్‌లోనే తొలగిస్తే సర్వరులోనూ తొలగిపోతుంది. చెత్తబుట్టలో 60 రోజులు ఉండి ఆపైన శాశ్వతంగా పోతుంది. బ్యాకప్ అనగా పొరపాటు జరిగిన తరువాత కూడా పాత స్థితి దొరకడం. రెండవ డిస్కును నకలు తీసేటప్పుడు మాత్రమే కలిపి, తరువాత విడదీసి ఉంచాలి. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరసులు కంప్యూటరుకు కలిపి ఉన్న డిస్కులన్నిటికీ పాకుతాయి. లైట్‌రూమ్ చేసే బ్యాకప్ కేవలం క్యాటలాగుకే గానీ ఫోటోలకు కాదు. ఫోటోలకు నకలు విడిగా తీసుకోవాలి.

2000ల నాటి సీడీలు, డీవీడీలు శాశ్వతమైనవి కావు. ఇళ్ళలో వ్రాసిన డిస్కులలోని రంగుపొర వేడికి, వెలుతురుకు క్షీణిస్తుంది. క్రషింగు కాలపు ఫోటోలు, కార్మిక సంఘాల సభల ఫోటోలు సీడీల మీద మాత్రమే ఉన్నవారు వాటిని వెంటనే హార్డు డిస్కులోనికి మార్చుకోవడం మంచిది. డిస్కు ఒకసారి చదవకపోతే వేరొక డ్రైవులో ప్రయత్నించాలి. కొన్ని డ్రైవులు చదవలేనివి మరికొన్ని చదువుతాయి.

ఇంటర్నెట్టు ఖాతాలకు ఇంకొక అపాయమున్నది. రెండేళ్ళపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలులోనికి తెచ్చినది. ఫోటోలన్నీ కాలం చేసిన తండ్రి ఖాతాలోనే ఉన్నప్పుడు ఇది ముఖ్యమవుతుంది. ఖాతా వాడకం ఆగిపోతే సమాచారం ఎవరికి చేరాలో ముందుగా నమోదు చేసే సౌకర్యం 2013 నుండి ఉన్నది.

వాట్సాప్ ఫోటోలు

కుటుంబాలలో ఫోటోలు చేతులు మారేది నేడు ఎక్కువగా వాట్సాప్ ద్వారా. ఇందులో మామూలుగా పంపిన ఫోటో కుదించబడుతుంది. ఎక్సిఫ్‌లోని తేదీ, స్థలం, లోపల వ్రాసిన ట్యాగులు తొలగిపోతాయి. అందుకున్న ఫైలు పేరులో కనిపించే తేదీ అది చేరిన రోజే గానీ తీసిన రోజు కాదు. 2015 నాటి శక్కర్‌నగర్ ఫోటో 2021లో ఎవరో పంపితే 2021 ఫోటోగానే నమోదవుతుంది. ఫోటోను 'డాక్యుమెంటు'గా పంపితే ఫైలు ఉన్నదున్నట్లుగా చేరుతుంది.

వికీమీడియా కామన్స్

వ్యక్తిగత ఆల్బములో ఉండవలసినవి కాక, ఊరి చరిత్రకు సంబంధించిన ఫోటోలను 2004లో మొదలైన వికీమీడియా కామన్స్‌లో చేర్చవచ్చును. ఎక్కింపు సమయంలో కామన్స్ ఎక్సిఫ్‌ను చదివి తేదీని, జీపీఎస్ ఉంటే స్థలాన్ని తానే నింపుతుంది. కనుక పైన చెప్పిన సవరణలన్నీ ఎక్కించే ముందే పూర్తి చేసుకోవాలి. ఇంటి స్థలాన్ని తెలిపే జీపీఎస్ వివరాలను తీసివేయవలసినది కూడా అప్పుడే. వివరణను తెలుగులోనూ, ఆంగ్లంలోనూ వ్రాయవచ్చును.

అక్కడ చేర్చిన ఫోటోను వాడుకొనే హక్కును అందరికీ ఇచ్చినట్లే. అందుచేత తాము స్వయంగా తీసినవే చేర్చాలి. స్టూడియోవారు తీసిన పాత బృంద ఫోటో ప్రతి ఇంట్లో ఉన్నంత మాత్రాన దాని కాపీహక్కు ఇంటివారిది కాదు. అటువంటివాటికి కాపీహక్కు గలవారి అనుమతి కావాలి. కామన్స్‌ను బ్యాకప్‌గా భావించరాదు. నియమాలకు సరిపడని ఫోటోలను అక్కడి నిర్వాహకులు తొలగిస్తారు. చేర్చిన ప్రతి ఫోటోకు అసలు ప్రతి ఇంట్లో ఉండాలి.